పంచాయితీ తెగింది, లెక్క తెగలేదు

రోడ్డు మీద పెట్టే కోర్టుకు సెలవుల్లేవు, వాయిదాల్లేవు. ముంబై హైవే మీద రామచంద్రాపురం నుంచి సంగారెడ్డి దాకా ఏ చౌరస్తాలోనైనా రెండు బళ్ళు గుద్దుకున్న రెండో నిమిషానికల్లా అది కొలువుదీరుతుంది. పంక్చర్ షాపతను సాక్షి. పాన్‌డబ్బా ఆయన జడ్జి. తీర్పు అందరికీ ముందే తెలుసు: పెద్ద బండిదే తప్పు. లారీ, కారు అయితే లారీది. కారు, బైకు అయితే కారుది. బైకు, నడిచే మనిషి అయితే బైకుది. ఈ సూత్రం ఏ చట్టపుస్తకంలోనూ కనపడదు, దీని మీద అప్పీలూ లేదు.

ఆ కోర్టును వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. దెబ్బ తగిలినవాణ్ణి ఆటోలోకి ఎత్తేది వాళ్ళే. పారిపోయే లారీకి అడ్డం తిరిగి తాళం లాక్కునేది వాళ్ళే. దాహమంటే నీళ్ళ సీసా మూత తీసి నోటికి అందించేదీ వాళ్ళే. కాకపోతే ఆ కోర్టు చూపు ఆ సాయంత్రం వరకే ఆనుతుంది. ఇవాళ ఎంత ఖర్చవుతుందో అది చెప్పగలదు. రేపు ఎంత పోతుందో చెప్పలేదు.

ఈ రోడ్డు ఎలాంటిదో ఇటువైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. పాతరోజుల్లో తొమ్మిదో నంబరు, ఇప్పుడు 65వ జాతీయ రహదారి. బీహెచ్ఈఎల్, ఇక్రిశాట్ ప్రహరీ, పటాన్‌చెరు దాటితే ముత్తంగి దగ్గర ఔటర్ రింగురోడ్డు బళ్ళన్నీ వచ్చి పడతాయి. ఇస్నాపూర్ నుంచి పాశమైలారానికి కెమికల్ ట్యాంకర్లు, కంపెనీ బస్సులు మళ్ళుతాయి. యూటర్న్ దూరమని బైకులు ఎదురు రూట్లో వస్తాయి. షిఫ్టు వదిలే వేళ ఈ నాలుగూ ఒకే చోట కలుస్తాయి. హోదా చూసి వదిలే రోడ్డు కాదిది. 2024 ఫిబ్రవరి 23న సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎమ్మెల్యే లాస్య నందిత పటాన్‌చెరు దగ్గరే, ఔటర్ మీద కారు ప్రమాదంలో కన్నుమూశారు.

నేను బొల్లారంలో ఒక ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో పనిచేశాను. టైమ్ ఆఫీసులో ఉన్నవాడికి యాక్సిడెంట్ సంగతి మొదట తెలిసేది పొద్దుటి షిఫ్టులో ఒక పంచ్ పడకపోవడంతో. ఆ తర్వాత ఫోను వస్తుంది. ఆ తర్వాత బావమరిదో, రూమ్మేటో ఈఎస్ఐ కాగితాల కోసం గేటు దగ్గర నిలబడతాడు. ఏమైందని అడిగితే సగంమంది నోట ఒకటే మాట: "పెద్దమనుషుల్ల అయిపోయింది సార్, రాజీ అయినం."

అలాంటి రాజీ ఒకటి ఇస్నాపూర్‌లో నా కళ్ళముందే జరిగింది. టీ హోటల్ బెంచీ మీద కుర్రాడు కూర్చున్నాడు, ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్ట్ లేబరు. గుద్దిన డీసీఎం పక్కకు ఆపి ఉంది. ఓనరు తరఫు మనిషి భుజం మీద చెయ్యేసి నచ్చజెబుతున్నాడు: "తమ్మీ, దవాఖాన ఖర్చంతా మాదే. మీదికెల్లి పదివేలు. ఠాణా, కోర్టు అని తిరిగితే నీ డ్యూటీ ఖరాబైతది." లేబర్ కాంట్రాక్టరు దాన్ని హిందీలోకి మార్చి చెబుతున్నాడు. నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం మీద ఎవరో రాస్తున్నారు: ఇరువురం రాజీ పడినాము, ఇకమీదట ఎలాంటి కేసులు పెట్టను. కుర్రాడి చూపు కాగితం మీద లేదు, తన కాలి మీద ఉంది. చీలమండ దగ్గర వాపు లేచి చెప్పు ఎక్కడం లేదు. చెప్పును చేత్తో పట్టుకుని, రెండో చేత్తో సంతకం పెట్టాడు.

పదివేలు తక్కువా ఎక్కువా అన్నది అప్పుడు నన్ను పట్టలేదు. ఆ కాలికి ఇంకా ఎక్స్‌రే తీయలేదు. దేనికి రాజీ పడుతున్నాడో అక్కడున్న ఎవరికీ తెలియదు, ఆ కుర్రాడికి అసలే తెలియదు. బెణుకు ధర కట్టారా, ఎముక విరిగిన ధర కట్టారా? సరుకు ఏమిటో తెలియకుండా బేరం తెగిపోయింది.

మనం ఇంత తొందరగా ఎందుకు తెంపుకుంటాం? బతికి బయటపడ్డామన్న కృతజ్ఞత ఒక కారణమని నాకు అనిపిస్తుంది. "పాణం దక్కింది, అదే పదివేలు" అంటాం. దేవుడు అంత పెద్ద మేలు చేశాక మళ్ళీ పైసల లెక్క తీయడం అత్యాశలా తోస్తుంది. రెండో కారణం, దావా అంటే పగ అనుకోవడం. "ఆ డ్రైవర్ కూడా మనలెక్క గరీబోడే, పాపం, వాని మీద కేసెందుకు" అన్న మాట నేను ఎన్నోసార్లు విన్నాను. మంచి మనసే. కానీ ఇన్సూరెన్స్ సరిగ్గా ఉంటే కట్టేది ఆ డ్రైవరు కాదు, బీమా కంపెనీ. రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలని మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ చెబుతోంది. ఎదుటివాడికి దెబ్బ తగిలితే ఇవ్వడానికే ఆ ప్రీమియం ఏటేటా వసూలవుతోంది. మనం అడక్కపోతే మిగిలేది ఆ గరీబు డ్రైవరుకు కాదు.

మూడోది కోర్టు భయం. నిజానికి ఈ ప్రాంతానికి కోర్టు మరీ కొత్తేమీ కాదు. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల నీళ్ళు నక్కవాగులో కలిసి పొలాలు పాడైనప్పుడు ఇక్కడి కేసు 1990లో సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఊరికి జరిగిన నష్టానికి కాగితం పట్టుకుని ఢిల్లీ దాకా పోయిన నేల ఇది. ఒంటికి జరిగిన నష్టానికి సంగారెడ్డి జిల్లా కోర్టు దాకా పోవడానికి మాత్రం వెనకాడతాం.

అలాగని గీత పడ్డ ప్రతివాడూ వకీలు ఇంటికి పరుగెత్తాలని నేననను. బంపర్ సొట్టపోయింది, అద్దం పగిలింది, ఎవరికీ దెబ్బల్లేవు. అప్పుడు ఫొటోలు తీసుకోండి, మీ బీమా కంపెనీకి ఆరోజే చెప్పండి, సర్వేయరు చూసేదాకా రిపేరుకు ఇవ్వకండి. అంతటితో సరి. మోచెయ్యి గీరుకుని, టీటీ ఇంజెక్షను వేయించుకుని, మర్నాడే డ్యూటీకి పోయే దెబ్బకు రాజీయే మేలు. పెద్దమనుషుల పంచాయితీ పుట్టింది ఇలాంటివాటికే, వీటిలో అది కోర్టు కంటే బాగా పనిచేస్తుంది కూడా.

మరి వకీలు ఎప్పుడు? టైమ్ ఆఫీసు కిటికీలోంచి చూసీ చూసీ నాకు మూడు గుర్తులు కుదిరాయి.

మొదటిది: దెబ్బ సంపాదనను తాకినప్పుడు. కాల్లో రాడ్ వేయించుకుని నెలల తర్వాత డ్యూటీకి వచ్చిన మెషీన్ ఆపరేటర్లను చూశాను. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంటుంది, జీతం అదే ఉంటుంది. అయినా ఎనిమిది గంటలు నిలబడలేడని సూపర్‌వైజరు ప్యాకింగ్‌కు మారుస్తాడు. ప్యాకింగ్‌లో ఓటీ ఉండదు. బేసిక్ మీద బతికే ఇల్లు ఈ బెల్టులో తక్కువ. కిరాయి, చిట్టీ, పిల్లల ఫీజు, అన్నీ ఓటీ మీదే నడుస్తాయి. పోయిన ఆ ఓటీ ఏ ఆసుపత్రి బిల్లులోనూ కనిపించదు, కాబట్టి ఏ పెద్దమనిషి లెక్కలోనూ చేరదు.

కోర్టు లెక్క ఇక్కడే వేరవుతుంది. రాజ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టంగా చెప్పింది. డాక్టరు రాసే వైకల్య శాతం వేరు, దానివల్ల సంపాదన శక్తి ఎంత తగ్గిందన్నది వేరు. ఒకే రకంగా చెయ్యి పోయినా డ్రైవరుకు పోయేదీ గుమాస్తాకు పోయేదీ ఒకటి కాదు. 2009లో సరళా వర్మ కేసు వయసును బట్టి ఎన్ని రెట్లు కట్టాలో పట్టిక ఇచ్చింది. 2017లో ప్రణయ్ సేథీ కేసు ముందుముందు పెరిగే ఆదాయాన్ని కూడా కలపమంది. ఊహకు ఒక లెక్క వేద్దాం. ముప్పై ఏళ్ళ మనిషి, నెలకు 15,000 సంపాదన, పర్మనెంట్ ఉద్యోగం కాదు. సంపాదన శక్తి 20 శాతం తగ్గిందని రుజువైంది. ఏడాదికి పోయేది 36,000. పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 50,400. ఆ వయసుకు పట్టికలో 17 రెట్లు. మొత్తం 8,56,800 రూపాయలు. వైద్యం ఖర్చులు, పడ్డ బాధ లెక్క దీనికి అదనం. టీ హోటల్ బెంచీ మీద తేలిన అంకె పదివేలు.

రెండో గుర్తు: ఎవరైనా సంతకం అడిగినప్పుడు. ఓనరు మనిషి అడగొచ్చు, బీమా కంపెనీ ఆఫీసరు అడగొచ్చు. అడిగినవాడు చెడ్డవాడని కాదు, వాళ్ళ పని వాళ్ళది. మోటారు వాహనాల చట్టంలోనే పరిహారానికి రెండు దారులున్నాయి. 164వ సెక్షన్ కింద తప్పెవరిదో రుజువు చేయనక్కర్లేకుండా తీవ్రమైన గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు వస్తాయి. రోడ్డు మీది కోర్టు మొదట అడిగే 'తప్పెవరిది' అన్న ప్రశ్నే ఆ దారిలో లేదు. 166వ సెక్షన్ కింద పోతే ఎదుటి డ్రైవరు నిర్లక్ష్యాన్ని చూపాలి, అక్కడ పరిమితి లేదు, పై లెక్క నడుస్తుంది. ఒకటుంది: మొదటి దారి డబ్బు పుచ్చుకుంటే రెండో దారి మూసుకుపోతుంది. డివైడర్ దూకి వచ్చి తానే గుద్దుకున్నవాడికి మొదటి దారే వరం. తన లేన్‌లో తాను పోతూ కాలు పోగొట్టుకున్నవాడికి అదే పెద్ద నష్టం. ఎవరికి ఏ దారో తెలిసినవాడితో మాట్లాడాలంటే సంతకానికి ముందే మాట్లాడాలి.

మూడో గుర్తు: జరిగింది ఒకటి, కాగితం మీద ఉన్నది ఒకటి అయినప్పుడు. మనిషి గాంధీలోనో, సంగారెడ్డి పెద్దాసుపత్రిలోనో స్పృహ లేకుండా ఉన్న రోజుల్లోనే ఎఫ్ఐఆర్, పంచనామా, బండి మీద మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు (ఎంవీఐ) రిపోర్టు తయారవుతాయి. ఎఫ్ఐఆర్‌లో 'గుర్తుతెలియని వాహనం' అని పడిందనుకోండి, అది హిట్ అండ్ రన్ అవుతుంది. దానికి చట్టం ఇచ్చేది తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు. అదే పక్క షాపు కెమెరాలో ట్యాంకర్ నంబరు దొరికితే కథ మొత్తం మారిపోతుంది. ఆ కెమెరా రికార్డు మనం మంచం దిగేదాకా ఆగదు, కొన్నాళ్ళకు దానంతటదే చెరిగిపోతుంది. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న బంధువుల్లో ఒకరు ఆ వారం ఈ పని మీద తిరగాలి. ఏం అడగాలో, ఎవరికి రాసివ్వాలో చెప్పడానికి వకీలు కావాలి. మొదటి ఏడు రోజుల వైద్యానికి 2025 మేలో కేంద్రం తెచ్చిన నగదు రహిత పథకం లక్షన్నర దాకా ఆదుకుంటుంది కాబట్టి, ఆ తిరుగుడుకు కాస్త ఊపిరి దొరుకుతుంది.

ఈ మూడు గుర్తులకు మా బెల్టుకే ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని తోడవుతాయి. సరుకు బండి ఎక్కి పనికి పోయే కూలీల సంగతి చూడండి. సరుకు వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత ఉండదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వెనక కూర్చున్నది కూలీగానా, ప్రయాణికుడిగానా, సరుకు సొంతదారుగానా అన్న ఒక్క ముక్క మీద ఇల్లు నిలుస్తుంది లేదా మునుగుతుంది. డ్యూటీకి వస్తూ పోతూ జరిగే ప్రమాదాన్ని కూడా పనిలో జరిగినట్టే చూడాలని ఈఎస్ఐ చట్టంలో 2010లోనే చేర్చారు. మరి ఈఎస్ఐ తీసుకుంటూ గుద్దిన లారీ బీమా మీద దావా వేయొచ్చా? ఇలాంటి ప్రశ్న గేటు దగ్గర నన్ను అడిగితే నేను జవాబు చెప్పేవాణ్ణి కాను, వకీలును అడగమనేవాణ్ణి. సొంత బండి మీద పోతూ ఎవరినీ గుద్దకుండా స్కిడ్ అయి చనిపోయినవాడి ఇంట్లో 'ఇంకెవర్ని అడుగుతం' అని ఊరుకుంటారు. 2018లోనే ఓనర్ డ్రైవరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా వచ్చింది. అది కట్టి ఉందేమో పాలసీ కాగితం తీసి చూస్తేగా తెలిసేది.

గడువు సంగతీ చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టంలో దావాకు ఆరు నెలల గడువుండేది. 1994లో తీసేశారు. 2019 సవరణతో మళ్ళీ పెట్టారు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. తీర్పుల సంగతి వకీళ్ళకు వదిలేసి, మామూలు మనిషి ఆరు నెలలనే గుర్తుపెట్టుకోవడం మంచిది. పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు మోటారు దావాల ట్రిబ్యునల్‌కు పంపాలని రూల్ ఉంది. అది పోయిందో లేదో కనుక్కోవడం కూడా మన పనే.

మోటారు దావాలు నడిచే సంగారెడ్డి కోర్టుకు నేనూ పోయాను, సాక్షిగా. మా ఆపరేటర్ ఒకడి జీతం సర్టిఫికెట్ మీద సంతకం నాది. బీమా కంపెనీ వకీలు గొంతు పెంచలేదు, కసరలేదు. "ఈ సర్టిఫికెట్ మీరే ఇచ్చారు, ఔనా? ఓటీ చెల్లించినట్టు రిజిస్టర్ తెచ్చారా?" అని అడిగాడు. తెచ్చాను. అట్ట ఊడిన ఆ ఓటీ రిజిస్టర్ జడ్జిగారి బల్ల మీదికి పోయింది. ఆయన వేలితో వరస వెంట కిందికి వచ్చి ఒకచోట ఆగారు. ప్రమాదం జరిగిన నెల నుంచి ఆ పేరు ఎదురుగా గడులన్నీ ఖాళీ. మా ఫ్యాక్టరీలో ఎవరూ పట్టించుకోని ఆ ఖాళీ గడులకు విలువ కట్టిన చోటు నేను చూసింది అదొక్కటే.

ఎలాంటి వకీలు అన్నది ఇంకో సంగతి. మనం వెతక్కముందే వార్డులోకి వచ్చి వకాలత్ మీద సంతకం అడిగేవాడి జోలికి పోవద్దు. కేసులు అడుక్కోవడం, గెలిచినదాంట్లో ఇంత వాటా అని ఒప్పందం రాసుకోవడం, రెండూ బార్ కౌన్సిల్ రూల్స్ ఒప్పుకోవు. వాటా మాట మాత్రం బయట బాహాటంగానే నడుస్తుంది. ఫీజు ఇవ్వలేనివాళ్ళకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. న్యాయసేవల చట్టం 12వ సెక్షన్‌లో ఉచిత వకీలుకు అర్హుల పేర్లు చదువుతూ పోతే ఆడవాళ్ళు, పిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు, వికలాంగులతో పాటు పారిశ్రామిక కార్మికుడు కూడా ఉంటాడు. వేల మంది కార్మికులున్న ఈ బెల్టులో ఆ ఒక్క ముక్కను ప్రతి గేటు దగ్గరా బోర్డు మీద రాయించాలి. కింద 15100 అన్న హెల్ప్‌లైన్ నంబరు వేయాలి. ఒడిశా కుర్రాడిలాంటివాళ్ళు దావా కోసం ఇక్కడే కాపురం ఉండక్కర్లేదు, సొంత జిల్లా ట్రిబ్యునల్‌లోనూ వేసుకోవచ్చు. ఈ సంగతి కూడా ఆ బోర్డు మీదే ఉండాలి, హిందీలో, ఒడియాలో.

చివరికి అందరూ అనే మాట ఒకటి మిగులుతుంది: "కోర్టుల చుట్టు ఎవరు తిరుగుతరు?" నిజమే, తిరుగుడు ఉంటుంది. ఏళ్ళు పడుతుంది. లోక్ అదాలత్‌లో తెగితే త్వరగా వస్తుంది, కానీ ఆ అవార్డు మీద అప్పీలుండదు కాబట్టి అక్కడా లెక్క తెలిసినవాడు పక్కనుండాలి. అయితే కాలు కుంటుపడ్డవాడు ఎలాగూ తిరుగుతూనే ఉంటాడు. రాడ్ తీయించడానికి ఆసుపత్రికి, మళ్ళీ పనిలో పెట్టుకొమ్మని కాంట్రాక్టరు దగ్గరికి, ఈ నెల ఆగమని చిట్టీ ఆయన దగ్గరికి, బదులు కోసం బావమరిది దగ్గరికి. ఆ తిరుగుళ్ళన్నిటిలో చేతిలోంచి పోవడమే. వకీలు ఆఫీసుకు తిరిగే తిరుగుడులోనైనా ఏదో ఒకనాడు రాబడి ఉంటుంది. తిరగక తప్పదని తేలాక, ఎటు తిరగాలో ఎక్స్‌రే చూసి నిర్ణయించుకోవాలి, టీ హోటల్‌లో కాదు.